సాయంత్రం తెంపిన మొగ్గలు

పత్తి మొక్క తన దాహాన్ని ఎలా గుర్తుపెట్టుకుంటుందో ప్రపంచంలో మొట్టమొదట కనిపెట్టినవాణ్ని నేను. ఆ వ్యాసం అచ్చయిన వారంలో నలభై దేశాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. నలభై కాదు, పది అనుకోండి. పది కూడా కాదు, మూడు. ఆ మూడింటిలో ఒకటి మా ల్యాబుకు గాజు సామాను అమ్మేవాడు రాసింది.

ఇది నాకు చిన్నప్పటి నుంచి ఉన్న జబ్బు. ముందు ఊదుతాను, తర్వాత ఎదుటివాళ్ల మొహాలు చూసి మెల్లగా గాలి తీస్తాను. వనపర్తిలో పొద్దున నాతో కలిసి నడిచే రిటైర్డు టీచర్లకు ఇది అలవాటైపోయింది. "సార్, ముందు అసలు లెక్క చెప్పి తర్వాత కథ చెప్పండి" అంటారు. అందరం నవ్వుకుంటాం. కానీ ఒక్క అబద్ధానికి మాత్రం పద్దెనిమిదేళ్లు గాలి తీయలేదు. పైగా దాన్ని సభల్లో నవ్వుల కథగా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ కథను ఈసారి చప్పట్లు రాని పద్ధతిలో రాయాలి.

నేను పని చేసింది చిన్న ఆర్‌ఎన్‌ఏల మీద. జీవకణంలో జన్యువు ఒక ఆజ్ఞ రాసి పంపుతుంది, ఫలానా ప్రొటీన్ తయారు చెయ్యమని. ఆ చీటీ ఒక రకం ఆర్‌ఎన్‌ఏ. ఇవి కాక ఇరవై ఒక్క అక్షరాల పొడవు మాత్రమే ఉండే బుల్లి ఆర్‌ఎన్‌ఏలు ఇంకొన్ని ఉంటాయి. వాటికి ఆజ్ఞలిచ్చే హోదా లేదు. దారిలో కాపు కాసి, పోయే చీటీని పట్టుకుని చింపడమే వాటి ఉద్యోగం. ఏ పెద్ద ఆఫీసులోనైనా చూడండి, పై అధికారి సంతకం పెట్టిన కాగితం కూడా గుమ్మం దగ్గర కూర్చున్న మనిషి కదలనిస్తేనే కదులుతుంది. మొక్క కూడా అలాగే నడుస్తుందని తెలిసిన రోజున నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. నా ముప్పై ఏళ్ల ఉద్యోగమంతా ఆ గుమ్మం దగ్గరే గడిచింది.

నేను ఎంచుకున్న మొక్క పత్తి, ఎంచుకున్న చోటు గద్వాల. అక్కడ మల్దకల్ వైపు, మానవపాడు వైపు రైతులు సీడ్ పత్తి వేస్తారు. దూది కోసం కాదు, విత్తనం కోసం. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవాళ మధ్యాహ్నం దాటాక గుర్తుపట్టాలి. గోటితో పైపొర వలిచి లోపలి పుప్పొడి భాగాన్ని తీసేయాలి. గుర్తుగా ఎర్ర కాగితం ముక్క పెట్టాలి. మర్నాడు పొద్దున మగ చెట్టు పూలు కోసుకొచ్చి ఆ మొగ్గలకు ఒక్కొక్కదానికీ రాయాలి. ఈ పనంతా ఆడవాళ్లదే. ఒక చేయి పొరపాటు పడితే మొగ్గ తన సొంత పుప్పొడితోనే కాయ కడుతుంది. కంపెనీవాళ్లు ఆ విత్తనాన్ని మళ్లీ మొలిపించి చూసినప్పుడు కల్తీ బయటపడుతుంది, రైతు పంటంతా వెనక్కి వస్తుంది. అందుకని ఆ చేలల్లో పని చేసే మనిషికి తన చేతికున్న పేరే ఆస్తి. "ఆమె చేయి తప్పదు" అన్నారంటే ఏటా పిలుపు వస్తుంది. "తప్పుతది" అన్నారంటే మరుసటేడు ఆమె గడపకు ఎవరూ రారు.

ఆ పేరు బాగా ఉన్న మనిషి ఒకామె ఉండేది. అప్పటికి నలభై ఏళ్లుంటాయేమో. పన్నెండు మంది ఆడవాళ్ల గుంపుకు మేస్త్రి. గుంపులో అందరూ పెద్దక్క అనేవారు. మల్దకల్ దారిలో ఒక రైతు చేనులో నేను రెండు మళ్లు తీసుకున్నాను. ఒక మడికి నీళ్లు కట్టించాను, ఇంకో మడిని ఎండగట్టాను. రెంటి నుంచీ ఒకే ఈడు మొగ్గలు, ఒకే పొద్దులో తెంపి, తెంపిన వెంటనే గడ్డకట్టించి హైదరాబాదుకు తీసుకుపోవాలి. అప్పుడే ఎండిన మొక్కలో ఏ బుల్లి ఆర్‌ఎన్‌ఏ పెరిగిందో తెలుస్తుంది. తెంపే పని పెద్దక్క గుంపుకు అప్పజెప్పాను.

గడ్డకట్టించడానికి ద్రవ నైట్రోజన్ కావాలి. ఆ క్యానును నేను ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చానని, మూత ఊడి బస్సంతా తెల్లటి పొగ నిండితే ప్రయాణికులు కిటికీల్లోంచి దూకారని చాలా చోట్ల చెప్పాను. జీపులో డ్రైవరు తెచ్చాడు. ఎవరూ దూకలేదు. చేను గట్టు మీద మూత తీసినప్పుడు మాత్రం పెద్దక్క రెండడుగులు వెనక్కి వేసి, "సారూ, గా క్యాన్ల పాలున్నయా, దయ్యమున్నదా?" అంది.

"దయ్యమే. మాట వినకపోతే నీ మీదికి ఇడుస్త" అన్నాను.

"ఇడువు. నా మొగన్నే దారికి తెచ్చిన, దయ్యమెంత" అంది. గుంపంతా పడీపడీ నవ్వింది.

పొద్దున పది గంటలకల్లా నీళ్లు కట్టిన మడి అయిపోయింది. ఇక ఎండిన మడిలో దిగాలి. నేను గడియారం చూసుకున్నాను. ఆ మధ్యాహ్నం వనపర్తిలో ఒక కాలేజీవాళ్లు నాకు సన్మానం పెట్టారు. గద్వాల నుంచి వనపర్తికి వెళ్లి, మొహం కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకోవాలంటే అప్పుడే బయల్దేరాలి.

"ఈ మడి సాయంత్రం తెంపుదాం" అన్నాను.

పెద్దక్క ఒప్పుకోలేదు. "వద్దు సారూ. రేపు పొద్దుగాల గిదే యాళ్లకు తెంపుదాం. పొద్దుగాల మొగ్గ వేరు, పొద్దుమూకి మొగ్గ వేరు. ఒక్క పూటల మస్తు మారుతది. మేం మొగ్గను గుర్తుపట్టేదే గట్ల."

"రేపటిదాకా క్యాన్ల దయ్యం ఉండదమ్మా, ఎగిరిపోతది" అన్నాను. అబద్ధం. ఇంకా మూడు రోజులకు సరిపడా ఉంది.

"అయితే గిప్పుడే తెంపుదాం. గంటసేపు ఆగు."

"మొగ్గ మొగ్గనే. ముప్పై ఏండ్లు చదువుకున్నోనికి నువ్వు చెప్తున్నవా?" అన్నాను, అందరూ వినేలా. ముప్పై ఏళ్లు కూడా కాదు. గుంపులో ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. ఈసారి ఆమె మీద. ఆమె కొంగు నడుముకు దోపుకుని మగ చెట్ల వైపు వెళ్లిపోయింది.

వనపర్తిలో శాలువా కప్పారు. గేటు దగ్గర ఫ్లెక్సీలో నా మొహం నా అసలు మొహం కంటే తెల్లగా ఉంది. గంటన్నర మాట్లాడాను, ఎవరూ కదల్లేదు. అన్నం వడ్డించేది నా ఉపన్యాసం అయ్యాకేనని ముందే చెప్పారట. తిరిగి చేనుకొచ్చేసరికి అయిదున్నర. రోజంతా వంగి పని చేసిన ఆ ఆడవాళ్లు ఇంటికి పోకుండా గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఎండిన మడి మొగ్గలు అప్పుడు తెంపారు. పెద్దక్క మొదటి మడి సంచికి ఒక ముడి వేసింది, రెండో మడి సంచికి రెండు ముళ్లు వేసింది. నా ఎదురుగానే వేసింది. తారుమారు కావడానికి అందులో ఏమీ లేదు.

ల్యాబులో ఫలితం చూసి ఎగిరి గంతేశాను. ఎండిన మడి మొగ్గల్లో ఒక బుల్లి ఆర్‌ఎన్‌ఏ విపరీతంగా ఉంది. నీళ్లున్న మడిలో ఆనవాలు కూడా లేదు. దానికి నేను దాహపు జ్ఞాపకం అని పేరు పెట్టాను. నాతో పని చేసిన విద్యార్థి, "సార్, రెండు మళ్లూ ఒకే టైముకు తెంపారు కదా?" అని అడిగాడు. "నేను దగ్గరుండి తెంపించాను" అన్నాను. అతను మళ్లీ అడగలేదు. వ్యాసం అచ్చయింది. నాకు ప్రమోషన్ వచ్చింది, అతనికి ఉద్యోగం దొరికింది.

రెండేళ్ల తర్వాత వేరే దేశపు ల్యాబు ఒకటి మా ప్రయోగాన్ని మళ్లీ చేసింది. వాళ్లకు ఆ బుల్లి ఆర్‌ఎన్‌ఏ నీళ్లున్న మొక్కల్లోనూ కనపడింది, ఎండిన మొక్కల్లోనూ కనపడింది. పొద్దున లేదు, సాయంత్రం ఉంది. రోజూ అంతే. దాహంతో దానికి ఏ సంబంధమూ లేదు. మీరు ఏ వేళకు తెంపారని మర్యాదగా అడిగారు. వాళ్లు ప్రయోగశాల కట్టి తెలుసుకున్నది, పెద్దక్క చేనులో నిలబడి నాకు ముందే చెప్పింది.

అప్పుడు ఉన్నదున్నట్టు రాస్తే నా పరువు కొంచెం పోయేది, అంతే. నేను ఇలా రాశాను: "రెండు మళ్లూ పొద్దున్నే తెంపించాం. నమూనాలు సేకరించిన పొలం కూలి మనిషి వేరే వేళ తెంపిన సంచులతో వాటిని తారుమారు చేసి ఉండవచ్చు." పత్రికవాళ్లు నా వ్యాసం కింద ఆ ముక్క అచ్చేశారు. అది నిజమనిపించడానికి విచారణ జరిగినట్టు ఒక కాగితం కావాలి కదా. మా ఆఫీసు నుంచి ఆ రైతుకు ఫోన్ వెళ్లింది. ఆ ఫోన్ చేసింది నేను కాదు. చెయ్యమన్నది నేను. ఆ రోజు మొగ్గలు తెంపిన మేస్త్రి ఎవరు, మీ చేనులో కూడా ఇలాగే కలుపుతుంటుందా అని అడిగారట. తర్వాత ఏమైందో నేను తెలుసుకోలేదు. తెలుసుకోకుండా ఉండడానికి గద్వాల వైపు పోవడం మానేసి, ఆ పని వేరే జిల్లాకు మార్చాను.

రిటైరయ్యాక సభలకు పిలుస్తుంటారు. "నా నోబెల్ బహుమతిని గద్వాలలో ఒక తల్లి సంచి మార్చి పత్తి చేన్ల పారేసింది" అని మొదలుపెడితే చాలు, హాలు ఊగిపోతుంది. నోబెల్ సంగతి ఎలాగూ ఎవరూ నమ్మరు. మిగతాది మాత్రం నమ్ముతారు.

కిందటేడు వానాకాలం గద్వాలలోనే ఒక ఫంక్షన్ హాలులో సీడ్ పత్తి రైతుల సమావేశం పెట్టి నన్ను పిలిచారు. ఇన్నేళ్లయింది, ఎవరికి గుర్తుంటుంది అనుకున్నాను. ఆ కథే చెప్పాను. ముందు వరసల్లో మగవాళ్లు నవ్వారు. వెనక కుర్చీల్లో ఆడవాళ్లు నవ్వలేదు. అందులోంచి ఒక పెద్దావిడ లేచి నిలబడింది.

"ఏ తల్లి సారూ?"

"మల్దకల్ దిక్కు ఒక మేస్త్రి లేమ్మా. పాత ముచ్చట."

"మా పెద్దక్కనా? గామె చేయి తప్పదు సారూ. నేను గుడ ఉన్న ఆ దినం. రెండు ముళ్లేసింది, నువ్వు చూసినవ్. నువ్వు పొద్దుమూకి వచ్చినవ్."

మైకు పట్టుకున్న కుర్రాడు తర్వాతి అంశం ప్రకటించబోయాడు. ఆవిడ ఆగలేదు. "నువ్వు రాసిచ్చినంక రైతు పిలుసుడు బంద్ చేసిండు. గాయన్ను చూసి అందరు బంద్ చేసిన్రు. చేయి తప్పే మనిషి అన్నరు. గుంపుల మేం గుడ ఇంకో మేస్త్రితోని పోయినం. మాకు గుడ పొట్టలుండె." చివరి మాట నాతో కాదు, తనలో తాను అనుకున్నట్టు అంది. నేను వేదిక దిగి ఆమె దగ్గరికి వెళ్లి, పెద్దక్క ఇప్పుడెక్కడుందని అడిగాను. నాగర్‌కర్నూల్‌లో కూతురి దగ్గర ఉంటోందని, ఊరి బయట మిరపనారు పెంచే షెడ్డులో పని చేస్తుందని చెప్పింది.

మర్నాడే నాగర్‌కర్నూల్ బస్సెక్కాను అని రాయాలని ఉంది. ఇరవై రోజులు పట్టింది. షుగరు చూపించుకోవాలి, వర్షం పడుతోంది, చుట్టాలొచ్చారు. అన్నీ నిజాలే.

నాగర్‌కర్నూల్ బస్టాండు నుంచి ఆటోలో ఆ షెడ్డుకు వెళ్లాను. ఆకుపచ్చ వల కింద నలుగురు ఆడవాళ్లు పీటల మీద కూర్చుని ట్రేల గుంతల్లో విత్తులు వేస్తున్నారు. గుంతకు ఒక్క విత్తు. పెద్దక్క జుట్టు పూర్తిగా నెరిసింది. నేను ఎదురుగా నిలబడ్డాను. చేతులు ఆపకుండానే తలెత్తింది.

"ఎవరు?"

"నేనమ్మా. పత్తి మొగ్గల సారును."

కాసేపు చూసింది. "క్యాన్ సారువా! ముసలోనివైనవు గదా. ఏం పని మీద వచ్చినవ్?"

దారంతా ఒక ప్రసంగం తయారు చేసుకున్నాను. "అమ్మా, విజ్ఞాన చరిత్రల కొన్ని పొరపాట్లు..." అని ఎత్తుకున్నాను.

"గవన్నీ నాకు తెల్వయి. జర కొంచెంల చెప్పు."

"సంచులు నువ్వు కలపలేదు."

"నేను కలపలేదని నాకు తెల్వదా? గది చెప్పనీకి వచ్చినవా?"

"తప్పు నాది. నీ మీద పెట్టిన."

"గది గుడ తెలుసు." ఆమె ఇంకో ట్రే ముందుకు లాక్కుంది. చేతులు చకచకా నడుస్తున్నాయి. "తెలిసినోళ్లకు చెప్తే ఏమొస్తది సారూ? నన్ను చేయి తప్పే మనిషి అన్నోళ్లు ఆడ ఉన్నరు. ఆ చేన్ల నిలబడి, ఆ జనం ముంగట చెప్పు. నేను పక్కన ఉంట. చెప్తవా?"

చెప్తానన్నాను. భయంతో అన్నాను.

ఆ ఆదివారం కారు మాట్లాడుకుని ఆమెను తీసుకుని మల్దకల్ వైపు వెళ్లాను. పొద్దున తొమ్మిదిన్నర. చేనులో ఇరవై మంది దాకా ఆడవాళ్లు మగ పూలు పళ్లాల్లో పెట్టుకుని మొగ్గలకు రాస్తున్నారు. పాత రైతు పోయాడు. చేను ఎవరో కౌలుకు చేస్తున్నాడు. అతను వచ్చి నమస్తే పెట్టాడు. రెండు నిమిషాలు మాట్లాడాలన్నాను. "మాట్లాడుండ్రి సార్, పని ఆపకుండ వింటరు" అన్నాడు.

"నేను పెద్ద శాస్త్రవేత్తను. పదిహేడు దేశాలు..." అన్నాను.

"సారూ" అంది పక్క నుంచి పెద్దక్క. అంతకంటే ఏమీ అనలేదు.

"పద్దెనిమిదేండ్ల కింద ఈ చేన్ల మొగ్గల సంచులు ఈమె కలిపిందని నేను రాసిన. ఈమె కలపలేదు. ఈమె చేయి తప్పలేదు. నేను అబద్ధం రాసిన."

ఒక చిన్న వయసు పిల్ల తలెత్తి, "గీమె ఎవరు సారూ?" అని అడిగింది. దగ్గర్లో ఉన్న ఇంకొకామె, "పూలు వాడుతున్నయ్, ఏందో జల్ది చెప్పమనుండ్రి" అంది. చెట్ల మధ్య ఎక్కడో నవ్వు వినపడింది. ఒక్కొక్కరినీ చూశాను. అంతా బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. పెద్దక్క పేరు పోయిన సంగతి వాళ్లకు తెలియదు, అసలు ఆ పేరు ఉండేదన్న సంగతీ తెలియదు. కౌలు రైతు ఇబ్బందిగా నవ్వి, "మంచిది సార్. చాయ్ తాగుతరా?" అన్నాడు.

పెద్దక్క గట్టు మీద కొంగు తలకు కప్పుకుని ఆ చేనును కాసేపు చూసింది. "పోదాం పా" అంది.

కారులో వనపర్తి దాటాక అడిగింది. "ఆ చేన్ల తెలిసినోళ్లు ఒక్కరు గుడ లేరు సారూ. కొందరు వలస పోయిన్రు, కొందరు మట్టిల కలిసిన్రు. నువ్వు రాసింది ఉన్నదా ఇంకా?"

"ఉన్నది."

"ఎన్ని దినాలుంటది?"

"ఎప్పటికీ ఉంటది. ఎవరు ఎప్పుడు కావాలన్నా చదువుకోవచ్చు."

"మనుషులు పోయిన్రు, గది ఉన్నదా? అయితే గది దీయ్."

తీయాలంటే పత్రికకు ఉత్తరం రాయాలి. మొత్తం వ్యాసాన్నే వెనక్కి తీసుకోవాలి. అందులో నా విద్యార్థి పేరు కూడా ఉంది. అతను ఇప్పుడు ప్రొఫెసరు. ఫోన్ చేసి సంగతి చెప్పాను. "అప్పుడే అడిగాను కదా సార్" అన్నాడు. చివరికి, "పంపండి. కానీ కొంచెం మెత్తగా రాయండి. సేకరణ వేళల్లో తేడా జరిగినట్లు తెలిసింది, అలా" అన్నాడు.

అలాగే రాశాను మొదటిసారి. చదువుకుంటే ఆ తేడా వర్షంలాగా దానంతటదే పడినట్టుంది. చింపేశాను. రెండోసారి నా వయసు, ఆరోగ్యం, నా సేవలు కలిపి రెండు పేజీలు రాశాను. మా ఆవిడ చదివి, "ఇది క్షమాపణా, సన్మాన పత్రమా?" అంది. అదీ చింపేశాను. మూడోసారి కుదిరింది. నాలుగు వాక్యాలు. అదే మాట తెలుగులో రాసుకుని పెద్దక్కకు ఫోన్ చేసి చదివాను. "ఎండిన మడి మొగ్గలను నేను సాయంత్రం తెంపాను. పొద్దున తెంపినట్లు రాశాను. సంచులు తారుమారు కాలేదు. పొలంలో పని చేసిన మేస్త్రి తప్పు ఏమీ లేదు, తప్పంతా నాది." చదువుతుంటే గొంతు వణికింది. కొంత కావాలనే వణికించాను.

అటు నుంచి ట్రేలు జరిపిన చప్పుడు వినపడింది.

"నువ్వు తెంపినవా?" అంది.

"అంటే..."

"నువ్వెన్నడు తెంపినవ్ సారూ? ఒక్క మొగ్గ గుడ నువ్వు తెంపలే. గట్టు మీద నిలబడ్డవ్. తెంపింది మేం. తెంపమన్నది నువ్వు. మొత్తం నీ మీద ఏసుకుంట, మళ్లీ మమ్ముల్ని లేకుంట చేస్తున్నవ్."

ఒప్పుకునేటప్పుడు కూడా నేను ఊదేశాను.

"ఇంకొకటి. పొద్దుమూకి వద్దని నేను చెప్పిన. గది రాసినవా?"

"లేదమ్మా."

"గదే రాయకపోతివి. నాకు పని తెల్వదనే గదా అందరన్నది. తెలుసు కాబట్టే చెప్పిన. రాయ్."

ఫోన్ పెట్టేయకుండా పట్టుకుంది. నేను అలాగే చెవికి ఆనించుకుని మొదటి వాక్యం కొట్టేసి, మళ్లీ రాసి చదివాను. "ఎండిన మడి మొగ్గలను నా మాట మీద మేస్త్రి గుంపు సాయంత్రం తెంపింది. పొద్దుటి మొగ్గ, సాయంత్రపు మొగ్గ ఒకటి కాదని, ఆ వేళ తెంపవద్దని ఆ మేస్త్రి ముందే చెప్పింది. నేను సన్మానానికి వెళ్లాలని వినలేదు."

"సన్మానానికి పోయినవా ఆ దినం?" అంది పెద్దక్క. ఆ సంగతి ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు. ఏదో ముఖ్యమైన పనే అయి ఉంటుందనుకుందట.

"అవునమ్మా. శాలువా కప్పిన్రు."

అటు నుంచి మళ్లీ ట్రే జరిపిన చప్పుడు వినపడింది. తర్వాత, "గట్లనే ఉండనీ. పంపు" అని ఫోన్ పెట్టేసింది.

పంపాను.